లోపలి జాబితాలో మా గల్లీ

మంగళవారం

నా మీద నాకే రోతగా ఉంది.

మా నీళ్ల ఆఫీసుకు ఏ గల్లీ నుంచి ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో లెక్కపెట్టే ప్రోగ్రామ్ పొద్దున నడిపాను. జహనుమాలోని మా గల్లీకి రెండే అని చూపించింది. మా అమ్మ ఒక్కతే నాలుగుసార్లు ఫోన్ చేసింది, రెండెలా అవుతాయి? తెరిచి చూస్తే తప్పు నాదే. మొదటి ఫిర్యాదు పై జాబితాలో ఉంటుంది. మళ్లీ మళ్లీ చేసినవన్నీ దాని లోపల ఇంకో జాబితాలో, కొన్నయితే దానికీ లోపల ఉన్నాయి. నా కోడ్ పైపైన లెక్కపెట్టి ఆగిపోయింది. ప్రతి జాబితా లోపలికీ వెళ్లేలా మార్చాను. ఇరవై ఆరు వచ్చింది.

మా టీం లీడ్ సురేందర్ అన్నకు చూపించాను.

"రెండే ఉండనీ. రేపు మీటింగ్ల లొల్లి ఎందుకు? లోపలికి వోయి ఎవరు చూస్తరు?"

చాయ్ తాగుతూ నవ్వాడు. ఆ నవ్వు చూస్తే అసహ్యమేసింది. అయినా "సరే అన్నా" అన్నాను.

సాయంత్రం పక్కింటి యాదమ్మత్త సీసా పట్టుకుని ఎదురొచ్చింది. అందులో పచ్చగా నల్లా నీళ్లు, మురుగు మోరీ కంపు. ఆమె మనవరాలికి మూడు రోజులుగా వాంతులు.

"నువ్వు గా ఆఫీసుల్నే చేస్తవ్ గద బిడ్డా. మా కంప్లేంట్ ముట్టిందో లేదో జర చూడరాదు?"

"చూస్తా అత్తా" అన్నాను. పొద్దున్నే చూశానని చెప్పడానికి నోరు రాలేదు.

అన్నం సగంలో వదిలేసి, రేపటి మీటింగ్‌కు వచ్చేవాళ్లందరికీ ఫైలు పంపేశాను. ఇందాక సురేందర్ అన్నకు మెసేజ్ పెట్టాను: "అన్నా, ఇరవై ఆరు అని రాసిన ఫైలే అందరికీ పంపిన."

చదివాడు. ఇక యాదమ్మత్త తలుపు కొట్టాలి, పొద్దున్నే చూశానని చెప్పాలి.