బువ్వ తిన్నంక గోలి

నారాయణఖేడ్‌లోని శివమ్మక్కకు, హైదరాబాద్ నుంచి నీ చెల్లెలు శ్రీవాణి రాసేది. నేను బాగున్నాను. ఫోన్‌లో నీ గొంతు వింటే చెప్పాలనుకున్నవన్నీ మరిచిపోతాను, అందుకే ఈ కార్డు.

ఎవరితో, ఏ పనికోసం, ఎలా మాట్లాడతారో చూడడమే నా చదువు కదా. ఇక్కడొక దవాఖానకు, మందులు ఎలా వేసుకోవాలో రోగులకు చెప్పే చీటీ రాసిచ్చాను. "భోజనానంతరం సేవించవలెను" అని రాస్తే, కంగ్టి నుంచి కూలికొచ్చిన రామవ్వ దాన్ని భద్రంగా కొంగున కట్టుకుంది, గోలీలు మాత్రం వేసుకోలేదు. అప్పుడు నువ్వు మీ మామకు చెప్పినట్టే మార్చి రాశాను: "బువ్వ తిన్నంక గోలి ఏస్కో. యాదిమరిస్తే పరేషాన్ గాకు, రేపు రెండు ఒక్కసారే ఏస్కోకు."

చదివి వినిపిస్తే, "గిది మా ఇంటోళ్లు చెప్పినట్లే ఉంది బిడ్డా!" అని నా చెంపలు నిమిరింది.

ఇగ షుగర్ జబ్బు చీటీ రాయాలి. మీ మామ బెల్లం ముట్టకుండా ఎలా ఆపుతావో నీ బిడ్డ సంతోషితో ఫోన్‌లో రికార్డు చేయించి పంపు. కంది చేనుకు వాన పడ్డదా? బర్రె ఈనిందా? మామకు, బావకు దండాలు. సంతోషికి ముద్దులు.

ఆ గోలీల చీటీ ఒకటి నా గదిలో గోడకు అంటించుకున్నాను. రోజూ అన్నం తిన్నాక నీ గొంతుతో చదువుకుంటాను. కంగారు పడకు అక్కా, నాకే జబ్బూ లేదు.