గొడ్రాలి కొడుకు

హుస్సేనీ ఆలం, హైదరాబాదు
బహుధాన్య సంవత్సరం, శ్రావణ బహుళ తదియ (1938)

సౌభాగ్యవతి చెల్లెలు రాజమణికి అక్క సత్తెమ్మ దీవెనలు. నీ మగనికి, పిల్లలకు దేవుడు నిండా ఆయుష్షు పొయ్యాలి. మేము తింటున్నాము, తిరుగుతున్నాము. క్షేమం అని రాయడానికి చేయి రాలేదు.

నా కొడుకు కైలాసం చనిపోయి ఇరవై రెండు రోజులు. వచ్చే ఏకాదశికి నెల మాసికం. నువ్వు రానని కబురు చేశావట. దినాలప్పుడు కూడా కొంగు నోట్లో కుక్కుకొని ఒక మూల కూర్చున్నావు, పొద్దు వాలకముందే బండెక్కావు. నాకు కోపం లేదు. కానీ ఈసారి నువ్వు రావాలి.

మనసు నిలవక నిన్న పక్కింటి రుక్మాబాయి వెంట గుడికి పోయాను. శాస్త్రం చెప్పే అయ్యగారు లేనివాటి పేర్లు చెబుతున్నారు. కుందేటి కొమ్మట, ఆకాశంలో పువ్వట, గొడ్రాలి కొడుకట. అవి లోకంలో లేకున్నా మాట వింటే మనసుకు ఏదో తెలుస్తుందట. తెలియకుంటే లేదని కూడా అనలేమట. గొడ్రాలి కొడుకు పెండ్లెప్పుడు, మేం గూడ వస్తమని రుక్మాబాయి ఎకసెక్కెమాడితే అందరూ నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. లేచి అడిగాను.

"అయ్యా, మా బర్రెకు దూడ సచ్చింది. మా ఇంటాయన దాని తోల్ల గడ్డి కూరి ముంగట నిలవెట్టిండు. బర్రె దాన్ని నాకి పాలు చేపుతున్నది. దూడ లేదు గద, మరి పాలు అబద్ధమా?"

ఆయన పుస్తకం మూశారు.

"శాస్త్రంల బర్రె ముచ్చట లేదు తల్లీ. పాలైతే నిజమే."

ఇంటికొచ్చి మీ బావకు అంతా చెప్పాను. పేడ ఎత్తుతూ ఒక్కటే అన్నాడు, రాజమణికి రాయి అని.

ఇట్లు,
నీ అక్క
సత్తెమ్మ

మరిచిపోయి కాదు, ధైర్యం చాలక ఇది కింద రాస్తున్నాను. ఆ గొడ్రాలిని నేనే అని గుడిలో అందరి ముందరా చెప్పేశాను. కైలాసాన్ని కన్నది నువ్వని, పురిట్లోనే నా ఒడిలో వేశావని, ఎవరికీ చెప్పవద్దని నీ చేత ఒట్టు వేయించుకున్నది నేనని చెప్పాను. వాడికి మాత్రం చెప్పలేకపోయాను. అది ఇక తీరదు. నీ ఒట్టు తీసి గట్టున పెట్టాను. పిన్నమ్మగా రాకు రాజమణీ, తల్లిగా వచ్చి నోరారా ఏడువు.