రాజు గుర్రం దూకు

జూలై 4, శుక్రవారం

హెడ్ మేడం రేణుక గారు చెస్ క్లబ్ నా నెత్తిన పెట్టారు. సోషల్ చెప్పేవాడికి చెస్ ఎందుకు మేడం అంటే, స్టాఫ్‌రూంలో గొప్పలు పోయింది మీరే కదా అన్నారు. నిజమే. కోడేరులో మా పెద్దనాయన అరుగు మీద సుద్దముక్కతో గళ్లు గీసి నేర్పిన ఆట. ఊళ్లో నన్ను ఓడించినవాడు లేడు. మేడం రూల్స్ బుక్ ఇస్తానన్నారు. అక్కర్లేదన్నాను.

జూలై 11

ఏనుగు, గుర్రం, బంటు నడకలు అయ్యాయి. ఎనిమిదో తరగతి నవనీత ఒక్కసారి చెబితే పట్టేస్తోంది. వాళ్ల నాన్న మహేశ్వర్ మగ్గం నేస్తాడు.

జూలై 18

రాజు గుర్రం దూకు నేర్పాను. చెక్ పడనంత వరకు రాజు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. పిల్లలకు భలే నచ్చింది. నవనీత మాత్రం చెయ్యెత్తి, మా నాయన ఫోన్ల ఆడితే రాజు గట్ల పోతలేడు సార్ అంది.

ఒళ్లు మండింది. అయితే ఇక్కడికెందుకొచ్చావు, ఆ ఫోన్‌నే సార్ అని పిలువు అన్నాను. అందరూ నవ్వారు. ఆ పిల్ల తల దించుకుని కూర్చుంది.

జూలై 19

ఒకసారి ఫోన్‌లో చూద్దామనుకున్నాను. చూడలేదు.

ఆగస్టు 8

నవనీత క్లబ్‌లో అందరినీ ఓడిస్తోంది. నాగర్‌కర్నూల్ టోర్నమెంట్‌కు పేరిచ్చాను. ఫోన్ మాట మళ్లీ ఎత్తలేదు. నేను చెప్పినట్టే రాజును బుద్ధిగా దూకిస్తోంది. మురిసిపోయాను.

ఆగస్టు 23, సాయంత్రం. వనపర్తి బస్టాండ్

నాగర్‌కర్నూల్ నుంచి వస్తూ ఇక్కడ దిగి, మారే బస్సు కోసం చూస్తున్నాం. జరిగింది రాస్తాను.

నవనీత వరసగా గెలుస్తూ ఆఖరి ఆటకొచ్చింది. అంతవరకు గుర్రం దూకు అవసరం పడలేదు. గెలిస్తే స్టేట్ మీట్‌కు సెలెక్షన్. నేను తాడు ఇవతల నిలబడ్డాను. ఎదుటివాడి తర్వాతి ఎత్తుకు నవనీత రాజుకు మేట్ అయ్యేలా ఉంది. నవనీత నా వైపు చూసింది. రాజును తీసి గుర్రంలా దూకించింది.

ఎదుటి పిల్లవాడు ఆర్బిటర్‌ను పిలిచాడు. ఇల్లీగల్ మూవ్ అన్నాడాయన. రాజును ముట్టుకున్నావు కాబట్టి రాజునే కదపాలన్నాడు. పక్క గడిలోకి జరిపింది. మేట్. ఆట పోయింది.

గిదెవరు నేర్పిండ్రమ్మా అని అడిగాడు ఆర్బిటర్, కోపంగా కాదు. మా సారు మంచిగనే చెప్పిండు సార్, నేనే మర్చిపోయిన అంది.

నేనే నేర్పానని ఒక్క మాట అంటే సరిపోయేది. మెడలో క్లబ్ ఇన్‌ఛార్జ్ కార్డు వేలాడుతోంది. దాన్ని తిప్పి పెట్టుకున్నాను. అంత పని మాత్రం చేయగలిగాను.

ఇప్పుడు నవనీత నా పక్కన కూర్చుని మిర్చీబజ్జీ తింటోంది. మీరు తింటలేరేంది సార్ అని అడిగింది.

ఆగస్టు 25, సోమవారం

మహేశ్వర్ పొద్దున్నే మగ్గం ఆపి స్కూలుకొచ్చాడు. నా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మీరు చెప్పింది మర్చిపోయి పోరి మీ ఇజ్జత్ తీసింది సార్, జర మాఫ్ చేయుండ్రి అన్నాడు. క్లబ్బుల నుంచి మాత్రం తీసెయ్యకుండ్రి, గదే రంది, గదే ఫికర్‌తోటి అన్నం గూడ సక్కగ తింటలేదు అన్నాడు.

పర్వాలేదు అన్నాను.

పర్వాలేదట! నేను ఆయన్ని క్షమించి పంపించాను. రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టి పోయాడు. అప్పుడైనా వెనక్కి పిలవలేదు. పిల్లలకు నిజాయితీ మీద వ్యాసం రాయించే మొహమే ఇది. ఛీ.

ఆగస్టు 26

సెలవు పెట్టాను. జ్వరం అని రాశాను. జ్వరం లేదు.

ఆగస్టు 29, శుక్రవారం

క్లబ్. హెడ్ మేడంనీ మహేశ్వర్‌నీ పిలిపించి వెనక బెంచీలో కూర్చోబెట్టాను. బోర్డు మీద రాశాను: రాజుకు గుర్రం దూకు లేదు. నవనీత చెప్పిందే నిజం. సార్ తప్పు నేర్పాడు.

నవనీత లేచి వచ్చి చివరి వాక్యం తుడిచేసింది.

మళ్లీ రాశాను.