ఎవరి పళ్లెం ఆపరాదు

జనవరి 12, శుక్రవారం

మెస్ బంద్ అయి వారం. కంపెనీ మళ్లీ సర్కారు ఎరుపు జాబితాలో పడింది. సౌదీవాళ్లను లెక్క ప్రకారం పెట్టుకోలేదట. ఎరుపు కంపెనీకి ఇఖామాలు, ఇక్కడ ఉండనిచ్చే కార్డులు, రెన్యువల్ కావు. పైగా మనిషికింత అని సర్కారుకు లెవీ. కట్టేవాడు లేడు. మా అందరి కార్డులూ చచ్చిపోయాయి. గేటు దాటితే పోలీసు, దాటకపోతే ఆకలి.

జుబైల్ ఊళ్లోని మన తెలుగువాళ్లు కొందరు బియ్యం, పప్పు, నూనె దించి పోయారు. బండి అటు పోయిందో లేదో, కొట్లాట. నూనె డబ్బా ఒకటి మాయం. లింగం ఏమో వంట చేసే నర్సయ్యను అంటాడు, నర్సయ్య ఏమో వెనక రూమువాళ్లను... ఏళ్ల తరబడి ఒకే బస్సులో ఫ్యాక్టరీల షట్‌డౌన్ రిపేరు పనులకు పోయివచ్చినవాళ్లం. నూనె కోసం కాలర్లు పట్టుకున్నాం. సిగ్గేసింది.

జనవరి 13

చదవడానికి ఉన్నది ఒకటే పుస్తకం. దూరవిద్య ఎం.ఏ.లో మిగిలిపోయిన పేపరు, ఆధునిక ప్రభుత్వాలు. రెండుసార్లు తప్పాను. రెండుసార్లూ అమెరికా దగ్గరే బోల్తా. ఈసారి గట్టెక్కితే లెక్చరర్ పోస్టుకు పెట్టుకోవచ్చు. ఈ టైమ్‌కీపర్ బతుకు చాలు.

అధికార విభజన చదువుతూ తలెత్తి చూస్తే — కిటికీ అవతల నర్సయ్య. బియ్యం కొలిచేది తనే, వండేది తనే, తక్కువైందన్నవాణ్ని తిట్టేదీ తనే. అమెరికావాళ్లు తిరగబడ్డ జార్జి చక్రవర్తి గరిటె పట్టుకున్నట్టున్నాడు. చాలా రోజులకు నవ్వొచ్చింది.

జనవరి 14

అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. రూలు పెట్టేది అందరం కలిసి, శుక్రవారం మీటింగులో. నడిపేది నర్సయ్య. పేచీ వస్తే తీర్చేది ఇంకొకడు. ఒకరి పని ఒకరు ముట్టొద్దు.

లింగం ఊరుకుంటాడా... "ఓ సారు, అమెరికా సర్కారును తెచ్చి పొయ్యి మీద పెడుతున్నవా ఏంది?" ఊళ్లో ప్రైవేటు బడిలో చెప్పిన నాటి 'సారు' ఇక్కడా నన్ను వదల్లేదు.

నిర్మల్ నుంచి వచ్చిన సాయన్న ఒక్కడే సరిగ్గా పట్టుకున్నాడు. "గంతే గదరా. తాళంచెవి ఉన్నోడు కొలవొద్దు. కొలిచేటోడు పంచాది చెప్పొద్దు."

నేను పది పేజీల్లో చదివింది అదే.

జనవరి 19, శుక్రవారం

రూల్స్ ఒప్పుకున్నారు. పాలపొడి అట్టపెట్టె చింపి, వెనకవైపు మార్కర్‌తో రాసి వంటింటి తలుపుకు అంటించాను. పేచీలు తీర్చేది నేను. తీర్చేవాడికి ఓటు లేదు — అది కూడా నేనే రాశాను, పెద్దమనిషి తరహాగా ఉంటుందని.

అన్నిటికంటే పైన ఒకటి రాశాను. ఏ తప్పు చేసినా, ఎంతమంది కాదన్నా, ఎవరి పళ్లెం ఆపరాదు. ఓటుకు అందని హక్కులు కొన్ని ఉండాలి కదా. అందరూ తలూపారు. "నోటికాడి కూడు ఎత్తగొట్టుడు మహా పాపం," అన్నాడు నర్సయ్య.

అన్నిటికంటే కింద ఇంకొకటి. నలుగురిలో ముగ్గురి చొప్పున ఒప్పుకుంటే ఏ రూలైనా మార్చుకోవచ్చు. మారని చట్టం మొద్దుబారిపోతుందని ఉపన్యాసం కూడా ఇచ్చాను.

జనవరి 22

వారంగా కొట్లాట లేదు. మాడుచెక్క ఎవరికన్న పేచీ ఒక్కటే వచ్చింది. వంతులవారీ అని చెప్పాను. కిక్కురుమనకుండా విన్నారు. గర్వంగానే ఉంది, దాచుకోవడం ఎందుకు.

జనవరి 24

సాయన్న కుడిచేయి చలికి గుంజుతోందట. బరువులెత్తే చైన్‌బ్లాక్ కింద నలిగిన చేయి. మూడు వేళ్లు పోయాయి. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి. ఫిట్టర్ పనికి ఇంక పనికిరాదు, ఇక్కడా అక్కడా. పరిహారం వస్తుందని ఆస్పత్రిలో చెప్పిన మలయాళీ నర్సు మాటే పట్టుకుని కూర్చున్నాడు. లేబర్ కోర్టుకు పోతానంటాడు. కంపెనీ మాత్రం తాగి పనిలోకి వచ్చాడని రాసుకుందట. సాయన్న బీడీ కూడా తాగడు.

జనవరి 26, శుక్రవారం

మన రిపబ్లిక్ డే. మీటింగులో ఎవరికీ గుర్తు రాలేదు. నేనూ ఎత్తలేదు.

జనవరి 28

మందూబ్ వచ్చాడు. కంపెనీ తరఫున సర్కారు ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి. నెలల తర్వాత కనిపించాడు. అందరి లెవీ కట్టి, ఇంటికి పంపేసే ఫైనల్ ఎగ్జిట్ కొట్టిస్తారట, టికెట్‌తో సహా. ఒక్క షరతు. మాకు రావలసింది ఏదీ లేదు, ఏ కేసూ వేయము — అని సంతకాలు. అందరివీ.

"సబ్ కా. ఏక్ భీ కేస్ కరేగా తో ఫైల్ బంద్," అన్నాడు.

ఒక్కడు కేసు వేసినా అందరి పనీ ఆగినట్టేనట. నిజమో, బెదిరింపో. అడిగే ధైర్యం ఎవరికుంది... పెన్ను కోసం తోసుకున్నాం. జీతాల బాకీ ఆ సంతకాల కింద పోయింది. నేనూ పెట్టాను.

సాయన్న పెట్టలేదు.

జనవరి 29

ఇంటి నుంచి నా భార్య సుజాత ఫోన్. బీడీలు చుట్టుకుంటూనే మాట్లాడుతుంది, ఆకు కత్తిరించే చప్పుడు వినిపిస్తుంది. "హాల్‌టికెట్ వచ్చింది. ఫోటో పంపిన, జూడు. ఎప్పుడొస్తున్నవ్?" వస్తున్నా అన్నాను. "ఎప్పుడంటే ఎప్పుడు?" అంది.

జనవరి 30

లింగం, ఇంకో నలుగురు సాయన్న మంచం చుట్టూ. నేను గుమ్మంలో.

"అన్నా, నీ కాళ్లు మొక్కుత. నా భార్యకు ఆపరేషన్ ఆగింది. నువ్వొక్కనివి పెడితే అందరం పోతం."

"పోయినంక నన్నెవలు సాకుతరు రా? నువ్వా?"

ఇద్దరిదీ న్యాయమే. అదే దరిద్రం.

ఫిబ్రవరి 1

ఈ మధ్యాహ్నం నర్సయ్య సాయన్నకు వడ్డించలేదు. లింగంవాళ్లు చెప్పారట. సాయన్న నా దగ్గరకొచ్చి, తలుపు మీది అట్ట వైపు గడ్డంతో చూపించాడు.

తన పంచాయితీ తనే చెప్పుకోరాదని పుస్తకంలో ఉంది. ఆ సంతకం పడాలని నాకూ లోపల ఉంది. నేను తీర్చవచ్చా? కానీ ఈ క్యాంపులో దీనితో సంబంధం లేనివాడు పిల్లి తప్ప ఎవరున్నారు?

తీర్చాను. పళ్లెం ఆపరాదు. రూలు ఉన్నంతవరకు అంతే. లింగం పళ్లు కొరికాడు. అయినా నర్సయ్య గరిటె ఎత్తాడు, వడ్డించాడు. నా చేతిలో కర్ర లేదు, తాళం లేదు. ఒట్టి మాట. అయినా విన్నారు. ఇంత సంతోషం ఈ దేశంలో ఎప్పుడూ పడలేదు. సాయన్న పక్కన కూర్చుని అన్నం నేనే కలిపి పెట్టాను.

ఫిబ్రవరి 2, శుక్రవారం

మీటింగు. అందరూ తలస్నానాలు చేసి వచ్చారు.

లింగం లేచాడు. అరవలేదు. "సారు, రూలు ఉన్నంతవరకు అన్నవ్. మంచిది. రూలు మారుస్తం. నువ్వు రాసిన తీరుగనే." పైరూలుకు ఒక్క ముక్క చేర్చాలట — అందరి దారికి అడ్డం నిలిచినవాడికి తప్ప.

చేతులెత్తమన్నాను. లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను. నలుగురిలో ముగ్గురి కంటే ఎక్కువే. నర్సయ్య చేయి కూడా సగం లేచింది, దించాడు, మళ్లీ లేచింది.

ఒక్కడూ గొంతు పెంచలేదు. ఒక్కడూ రూలు తప్పలేదు. నేను నేర్పినట్టే చేశారు, పిల్లలు పాఠం అప్పజెప్పినట్టు. మార్కర్ నా చేతికే ఇచ్చారు. రాశాను. ఓటు లేనందుకు లోపల హాయిగా అనిపించింది, అది కూడా రాసుకోవాలి.

సాయన్న ఎడమచేయి వ్యతిరేకంగా ఎత్తాడు. ఆ చేయి అందరికంటే చివర దిగింది.

ఫిబ్రవరి 3

పుస్తకం తీశాను. సవరణల అధ్యాయం చివర చిన్న పేరా. పరీక్షకు రాదని కొట్టేసి పెట్టుకున్నది. అమెరికావాళ్లు సవరణకు అందనిది ఒకటి రాసుకున్నారట. సెనేట్‌లో ఏ రాష్ట్రానికైనా ఉన్న సమాన స్థానాన్ని, ఆ రాష్ట్రం ఒప్పుకోకుండా తీయడానికి లేదు. ఎంత చిన్న రాష్ట్రమైనా, మిగతా అందరూ ఒక్కటైనా.

అతని ఒప్పుదల లేకుండా మార్చరాదు. ఈ నాలుగు మాటలు అట్ట మీద పైరూలు పక్కన ఉంటే చాలు. జాగా కూడా ఉంది.

వాళ్లూ పెద్ద ధర్మాత్ములు కారు. బానిసలను ఉంచుకుంటూనే హక్కులు రాసుకున్నారు. అయినా ఒక్క తలుపుకు లోపలి గొళ్లెం పెట్టుకున్నారు. నేను అదీ పెట్టలేదు.

సాయన్న ఈ పూట పక్క క్యాంపు బెంగాలీ ఇచ్చిన ఖుబ్బూస్ రొట్టె తిన్నాడని విన్నాను.

ఫిబ్రవరి 4

ఒక పూటే వండుతున్నాం. మధ్యాహ్నం. బంతిగా కూర్చున్నాం, రెండు వరసలు. సాయన్న వచ్చాడు. కడిగిన పళ్లెం ముందు పెట్టుకుని తన జాగాలో కూర్చున్నాడు.

"ఏందన్నా గిది?" అన్నాడు లింగం.

"అన్నం ఆపిన్రు. బంతి ఆపలే గదా. సదువుకో."

అందరూ నా వైపు చూశారు. నిజమే అన్నాను. రూలులో బంతి మాట లేదు.

నర్సయ్య వడ్డించుకుంటూ వచ్చాడు. సాయన్న దగ్గర ఆగాడు, దాటాడు. వడ్డన అయిపోయింది. ఎవడూ చేయి పెట్టడు. బంతిలో ఒక పళ్లెం ఖాళీగా ఉండగా ముద్ద ఎత్తడం ఎవరి ఇంట నేర్చుకున్నాం? పెళ్లిలో అయినా, చావుభోజనంలో అయినా, చివరివాడికి పడ్డాకే కదా మొదటివాడు కలిపేది. అలాగే కూర్చున్నాం. పప్పు మీద మీగడలా కట్టింది. లింగం రెండుసార్లు వేళ్లు పెట్టి తీశాడు. సాయన్న ఎవరినీ చూడటం లేదు, తన పళ్లెంలోకే చూస్తున్నాడు.

చివరికి ఒక్కొక్కరే లేచిపోయారు. అన్నం మళ్లీ గిన్నెలోకి ఎత్తుతూ నర్సయ్య ఏడ్చాడు. సాయంత్రానికి పులిసిపోయింది.

ఆకలి. కానీ లోపల ఎక్కడో... గెలుస్తాడు అనిపించింది. సాయన్న గెలుస్తాడు. రేపు లింగమే వడ్డించమంటాడు. కాగితం చేయలేనిది బంతి చేస్తుంది.

ఫిబ్రవరి 5

వచ్చాడు. కూర్చున్నాడు. వడ్డన అయింది. ఎవరూ తినలేదు.

మొన్న మధ్యాహ్నం నుంచి కడుపులో ఏమీ లేదు. పొద్దున సుజాత మెసేజ్, పరీక్షకు ఇంకా సమయం ఉంది, రాగలవు అని. చారు వాసన. వేడి పోతోంది. లింగం నా చేతి వైపు చూస్తున్నాడు. నర్సయ్య చూస్తున్నాడు. ఎందుకు నా వైపే అని చిరాకేసింది.

తిన్నాను.

నేనే. మొదటి ముద్ద నాది. ఎప్పుడు కలిపానో తెలియదు, నోట్లో ఉంది. ఉప్పు తక్కువ అనిపించింది, అంత తెలివి ఉంది నాకు. నేను మింగేలోపే రెండు వరసల్లోనూ చేతులు కదిలాయి. పళ్లేల చప్పుడు.

సాయన్న పళ్లెం తీసుకుని పోయి కడిగి పెట్టుకున్నాడు. అన్నం పడని పళ్లెం.

నేను ఇచ్చిన తీర్పు ఒక్క రోజు నిలిచింది. ఈ ముద్ద ఎన్నాళ్లు నిలుస్తుందో. కంచే చేను మేసింది, ఇంకెవర్నో అనడానికి లేదు. నా మీద నాకు అసహ్యంగా ఉంది.

ఫిబ్రవరి 6

వచ్చి కూర్చున్నాడు. అందరూ తిన్నారు. నేనూ.

ఫిబ్రవరి 7

నా పళ్లెంలో సగం తీసి సాయన్న గదికి తీసుకుపోయాను. "రూలు ఒప్పుతదా?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. రూలు నీకు పళ్లెం ఇవ్వొద్దంది, నా పళ్లెం నా ఇష్టం అన్నాను. "మరి బంతిల ఎందుకియ్యలే?" అన్నాడు.

అన్నం అక్కడే పెట్టి వచ్చాను. సాయంత్రం చూస్తే చీమలు.

ఫిబ్రవరి 8

రేపు పొద్దున మందూబ్ వస్తాడట. చివరి మాటట. లింగం సూట్‌కేస్ తాళ్లతో కట్టేశాడు.

పొద్దు వాలే వేళ అసర్ నమాజు పిలుపు అయ్యాక సాయన్న వచ్చాడు. నా మంచం ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. బుగ్గలు పీక్కుపోయాయి. కుడిచేయి తువ్వాలలో చుట్టుకుని ఉంది.

"సారు. ఎవలూ నన్ను కొట్టలే, తిట్టలే. అంతా రూలు ప్రకారమే అయింది. ఇగ నాతోని కాదు." తువ్వాల ముడి సర్దుకున్నాడు. "రేపు ఏలిముద్ర పెడుత. కానీ పంచాది చెప్పేటోనివి నువ్వే గదా. నువ్వే చెప్పు. నీ నోటితోని, పెట్టు అని."

పెట్టవద్దు అంటే అందరం ఇక్కడే, నా పరీక్ష గాలికి. పెట్టు అంటే ఈ మనిషి ఆ చేతితో, ఒట్టి చేతితో నిర్మల్ బస్టాండులో దిగుతాడు. నన్ను తప్పించుకోనివ్వడం లేదు. నేనైనా అదే చేసేవాణ్ణి.

పెట్టు అనాలని ఉంది. నాలుక మీదికి వచ్చి ఉంది. డైరీ తీసి రాస్తున్నాను, ఏదో పని ఉన్నట్టు. సాయన్న పోవడం లేదు. నేను రాయడం ఆపేదాకా కూర్చుంటాడు.