అందరి తరఫున ఊపిన తల

ఏప్రిల్, మంగళవారం

కాదు డాక్టరుగారూ, పొద్దున మీరన్నట్టు నా వల్ల పని ఆలస్యం కాలేదు. ఒక్కొక్కరినీ విడిగా అడగాలని నేను పట్టుబట్టినప్పుడే అసలు పని మొదలైంది. గొర్రెల నుంచి మనుషులకు సోకే జ్వరానికి కొత్త మాత్రను మా ఊరి కాపరుల మీదా పరీక్షిస్తారట. ఆరోగ్య మండలి భద్రతా కమిటీలో ప్రజల తరఫున నన్ను కూర్చోబెట్టారు. మాత్ర మింగుతామని కాపరులందరి తరఫున తల ఊపింది మాత్రం కులపెద్ద మల్లయ్య.

"ఆడోళ్లనేం అడుగుడు టీచరమ్మా? నేనన్ననంటే అందరన్నట్టే."

"గట్లయితే అందరి మాత్రలు నువ్వే మింగు, మల్లయ్యా."

ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి విడిగా అడిగాం. డాక్టరు గడియారం చూసుకుంటూనే ఉన్నాడు. మల్లయ్య చిన్నకోడలు లక్ష్మి తలుపు మూసి నా చెవిలో చెప్పింది.

"నెల తప్పింది అవ్వా. ఇంట్ల ఇంకా చెప్పలే."

కడుపుతో ఉన్నవాళ్లు ఆ మాత్ర మింగకూడదు. లక్ష్మి సరేనన్నాక డాక్టరుకొక్కడికే చెప్పాను. ఆయన గడియారం చూడడం మాని, జాబితాలోంచి ఆమె పేరు తీసేశాడు. మిగతా ఊళ్లలో ఎందరు మల్లయ్యలు తల ఊపారో...

రేపు మా కోడలితో పుల్లటి మామిడికాయలు తెప్పించాలి. లక్ష్మి పాలు పోయడానికి వచ్చినప్పుడు కొంగులో కట్టి పంపాలి. కాయలెవరికని మా కోడలు అడిగితే, పళ్లు లేని నాకేనని చెప్పాలి.