మైల రోజుల మంగలికత్తి

చిరంజీవి హెంగ్‌రుయ్‌కి అమ్మ దీవించి రాస్తున్నది. పెకింగులో నేను కులాసాగానే ఉన్నాను. చక్రవర్తుల సమాధుల కాపలాలో, ఆ మంచులో నువ్వూ అలాగే ఉన్నావని నమ్ముతున్నాను.

నీ జాబు అందింది. మోకాళ్ల నొప్పులెలా ఉన్నాయని అడిగావు. చలి తగ్గింది, అవీ తగ్గాయి. గొర్రెతోలు కోటు సరిపోయిందన్నావు, సంతోషం. నీ తమ్ముడు హెంగ్‌తాయ్ గుర్రం మీదినుంచి పడి చనిపోయాడన్న మాట నిజమే. కుర్రవాడు మంచివాడు. వాడి కన్నతల్లి, మీ పెద్దమ్మ, చేసిన పనికి వాణ్ని అనలేం కదా, నేనూ ఏడ్చాను. పిల్లలు లేకుండానే పోయాడు. నీ బదులు వాడికి దక్కిన మీ నాన్నగారి చుంగ్‌నింగ్ రాజపదవికి ఇప్పుడు నువ్వొక్కడివే మిగిలావు. అది నీకు వస్తుందా అన్న ప్రశ్నకు జవాబు చివర రాస్తాను. తొందరపడి కాగితం తిప్పకు.

మొన్న ఆ సవతి నా గదికి వచ్చింది. పన్నెండేళ్లలో ఇదే మొదటిసారి, అదీ తన చేత్తో టీ పట్టుకుని. వారసుడు లేకపోతే భవనాన్ని దర్బారువారు వెనక్కి తీసేసుకుంటారు మరి. అవసరమొస్తే గాడిద కాళ్లయినా పట్టుకోవాలంటారు. ఆ గాడిదను నేను.

"చెల్లీ, నీ కొడుకుని నేను దత్తత తీసుకుంటాను. దర్బారువారి వంశ కచేరీలో నా కొడుకని రాయిస్తే నెల తిరక్కుండా పదవి వాడిదే. నువ్వు వేలిముద్ర వేస్తే చాలు" అంది.

"వాడు దోషి కదక్కా? తండ్రి పోయాక నూరు రోజులు తలకు కత్తి తగలకూడదన్న కట్టు తప్పి గొరిగించుకున్న పాపిష్టివాడని ఫిర్యాదు చేసింది నువ్వే కదూ?"

"చచ్చిన పామును మళ్లీ చంపడమెందుకే ఇప్పుడు! ఫిర్యాదు చేసిన నేనే కొడుకంటే ఇంకెవరు అడ్డు చెప్తారు?"

నేను పెట్టె తెరిచి మంగలికత్తి తీసి టీ పళ్లెంలో పెట్టాను. నీకు గుర్తుందిగా? జ్వరంతో నీ తలంతా కురుపులు లేస్తే, "జబ్బుకు మైల పట్టింపు లేదు, నేను చూసుకుంటాలే" అని మంగలిని పంపింది ఆవిడే. సగం తల గొరిగేసరికి కచేరీ భటులు వాకిట్లో ఉన్నారు. మంగలి భయపడి కత్తి వదిలేసి పారిపోయాడు. నిన్ను శిక్షగా సమాధుల కాపలాకు పంపేశారు. ఆ కత్తిని నేను పన్నెండేళ్లు తుప్పు పట్టనివ్వలేదు.

"దీన్ని ఎవరు పంపారో కాగితం మీద రాసివ్వక్కా. అప్పుడు వేస్తాను వేలిముద్ర."

"రాస్తే నా పీకకే చుట్టుకుంటుంది కదే!"

"నేనెవరికి చూపిస్తాను? పెట్టెలో దాచుకుని కళ్లు చల్లబరుచుకుంటాను."

ఏడుస్తూ రాసింది. ఆ ఏడుపు చూడ్డం నాకు ఎంత హాయిగా ఉందో దాచను.

నాయనా, ఇక అసలు మాట. నేను దత్తత కాగితం మీద వేలిముద్ర వేయలేదు. ఆవిడ రాసిన కాగితాన్ని వంశ కచేరీకి పట్టుకెళ్లి ఇచ్చాను. అక్కడి ముసలి గుమాస్తా ముందే చెప్పాడు: "అమ్మగారూ, దీంతో అబ్బాయి మీద మచ్చ పోతుంది. కానీ చక్రవర్తిని మోసగించిన ఇంటికి ఇక పదవుండదు. ఆలోచించుకోండి."

నేను ఆలోచించలేదు.

నిన్న గుమ్మం మీది రాజపదవి పలక దింపేశారు. మీ పెద్దమ్మ ఒక్క మూటతో పుట్టింటి బండెక్కింది. బండి సందు మలుపు తిరిగేదాకా నేను గేటు దగ్గర నిలబడి పుచ్చగింజలు కొరుక్కుంటూ చూశాను.

నీకు పదవి రాదు. పోగొట్టింది నేనే. వేలిముద్ర వేసి ఉంటే నువ్వు రాజువయ్యేవాడివి, ఆవిడ నీకు అమ్మ అయ్యేది. అది నా వల్ల కాలేదు. నిన్ను అడగకుండా చేశాను కాబట్టి ఆ తప్పు నాదే. కోపముంటే వచ్చి నా ఎదురుగా తిట్టు. నిన్ను వెనక్కి రమ్మనే ఉత్తర్వు ఈ జాబు వెంటే బయలుదేరింది. ఉత్తర ద్వారం దగ్గర రెండు గదుల ఇల్లు చూశాను.

దారిలో ఎవరెంత చెప్పినా తల గొరిగించుకోకు. తమ్ముడి మైల తీరనీ. తీరాక ఆ కత్తితోనే నేనే గొరుగుతాను.

ఇట్లు,
నీ కన్నతల్లి