చివర అయిదున్న హైస్కోరు

ఇనగాకి గారికి,

మీరు రాస్తున్న వీడియో గేముల చరిత్ర పుస్తకానికి నా పాత బొమ్మలు పంపమన్నారు. పంపేముందు మీ పాఠం ఒకటి విందామని పోయిన మంగళవారం క్యోటో వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాను. మీరు గుర్తుపట్టలేదు. చేతిలో టీ కప్పులు లేకపోతే నన్ను గుర్తుపట్టడం మీకెప్పుడూ కష్టమే.

మన నక్కల ఆట మొదటి తెర మీద కనిపించే హైస్కోరు, 961375, మీరే నిర్ణయించారట. దాని వెనక నెలల పరిశోధన ఉందట. పాపం, పిల్లలు రాసుకున్నారు. మన ఆటలో పాయింట్లన్నీ పదుల్లోనే వస్తాయి కదా, చివర అయిదు ఎక్కణ్ణించి ఊడిపడిందని ఒక్కరూ అడగలేదు. మీకూ తోచలేదు.

ఆట చివర మా పేర్లు వేయమని నేనడిగిన రోజు మీరేమన్నారు? "రేపో మాపో పెళ్లి చేసుకుని పోయేదానివి, నీకు పేరెందుకమ్మా? ముందు ఆ టీ పట్రా" అన్నారు. టీ ఇచ్చాను. మొదటి తెర గీసింది నేనే కాబట్టి, ఆ సాయంత్రమే దాని మీది అంకెలు మార్చాను.

తొమ్మిదిని 'కు' అని, ఆరుని 'రో' అని, ఒకటిని 'ఇ' అని, మూడుని 'మి' అని, ఏడుని 'నా' అని, అయిదుని 'కో' అని, అంకెల్ని అక్షరాలుగా చదవడం మన జపాన్‌లో బడిపిల్లలకి కూడా వచ్చు. ప్రొఫెసర్లు మరిచిపోతారేమో. ఈసారి ఆ స్కోరును అలా పైకి చదవండి. ఇన్నేళ్లుగా మీ గొప్ప చెప్పుకుంటూ బోర్డు మీద ఎవరి పేరు రాస్తున్నారో తెలుస్తుంది.

బొమ్మలు పంపడం లేదు. సంతకం మాత్రం పెడుతున్నాను.

961375